చర్చిలో దాచిన వలలు

మేరీ నాన్నకి,

నువ్వు తుపానులో చనిపోయిన నెల మళ్లీ వచ్చింది. మొన్న అనకాపల్లి నుంచి వచ్చిన ఆఫీసరు, ఉపగ్రహం తీసిన తుపాను ఫోటో మన పూడిమడకలో చూపించి, చేపల వేటకు వెళ్లొద్దన్నాడు. ఇక్కడేమో అప్పుడు ఎండ కాస్తోంది.

"పైనుంచి పోటో తీసినోడికి మన సముద్రం ఏటి తెలుసు వదినా?" అని నీ తమ్ముడు నవ్వాడు.

నేను గట్టిగా మాట్లాడలేనుగా. ఆడవాళ్లమంతా వలలు చర్చిలోకి మోసి తాళం వేశాం.

"మా వదిన పాస్టరైపోనాదిరా!" అన్నాడు.

మర్నాడు తుపాను వచ్చింది. ఒడ్డున కొన్ని పడవలు విరిగాయి. మనుషులంతా బతికే ఉన్నారు.

ఈ ఉదయం నీ తమ్ముడు చర్చిలోంచి వల తీసుకుంటూ, "అన్నయ్య ఎల్లినప్పుడు ఈ పోటో వచ్చుంటే..." అని ఆగిపోయాడు.

ఇందాక ప్రార్థనలో, రేపు వేటకు వెళ్లేవాళ్ల పేర్లన్నీ చెప్పి కాపాడమన్నాను. అలవాటుగా నీ పేరూ చెప్పాను. ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు.