తల తిప్పుకున్న ఆడవాళ్లు

మైసూరు,
ఆదివారం.

అక్కకు, బావకు లక్ష్మి నమస్కారాలు. బావా, ఈ ఉత్తరాన్ని మీ నాయన చేనికి పోయినప్పుడు అక్కకు చదివి వినిపించు. కారణం కింద ఉంది.

నేను బాగున్నాను. మీరంతా క్షేమమా? వాన పడిందా, శెనక్కాయ వేశారా? ఇక్కడ రోజూ చినుకే. హాస్టల్లో రాగిముద్ద పెడతారు గానీ శెనక్కాయల పొడి ఉండదు. ఎవరైనా ఇటు వస్తే కాస్త పంపండి.

నా పని ఏమిటని అడిగారు. మనుషులు నోరు విప్పకుండా ఏం చెబుతారో పరిశోధించే విభాగం మాది. శబ్దం లేని ఫిల్మును నిదానంగా తిప్పుతూ, ఎవరు తల ఊపారో, ఎవరు చూపు దించారో కాగితం మీద గుర్తు పెట్టాలి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఈ వారం వచ్చిన ఫిల్ము మీ ఊళ్లో తీసిందే. ఆడవాళ్లకు చదువు కేంద్రం పెడితే వస్తారా అని ఒకామె అడుగుతోందని ఫిల్ముతో వచ్చిన కాగితంలో ఉంది. మొదట అందరూ ఆమెనే చూస్తున్నారు. ఉన్నట్టుండి కొంగు సర్దుకుని, అందరూ ఒకే పక్కకు తల తిప్పుకున్నారు. మూడో మనిషివి నువ్వే, అక్కా. మా సారు "ఇష్టం లేదు" అని రాయమన్నారు. ఆ కాగితం పైకి వెళితే మీ ఊరికి కేంద్రం రాదు.

ఉగాదికి విత్తనం ఒలుస్తూ నువ్వు అన్నది గుర్తొచ్చింది: "నాకు గూడా నా పేరు రాసేది నేర్పియ్యే, లచ్చిమీ."

ఉద్యోగం పోతుందేమోనని రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు చెప్పాను: "సార్, కెమెరా పక్కన ఎవరో పెద్దాయన ఉండాలి. పెద్దల ముందు మా ఆడవాళ్లు మర్యాదకు మొహం తిప్పుకుంటారు."

"ఫిల్ములో లేని మనిషిని ఎలా రాస్తాం?" అన్నారు సారు. ఫిల్ము తీసిన ఓబులేసును పిలిపించారు. అతనిది గుంతకల్లు.

"ఏమ్మా, నువ్వు ఆడుండి చూసినట్లే చెప్తాండావే!" అని నవ్వాడు. "మిషను ఎండకు కాలిపోతాదని ఒక పెద్దాయప్ప వచ్చి గొడుగు పట్టినాడు. ఆయప్ప వస్తానే ఆడోళ్లంతా మొగం తిప్పుకున్యారు. సాయం జేసేటోన్ని పొమ్మంటానా?"

పచ్చ అంచు పంచె అన్నాడు. అక్కా, అది మీ మామే, బావ వాళ్ల నాయనే.

సారు "ఇష్టం లేదు" కొట్టేసి "మళ్లీ అడగాలి" అని రాశారు. అడగడానికి వచ్చే నెల నన్నే పంపుతున్నారు. శెనక్కాయలు ఒలిచే చోట కూర్చుని, ఆడవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు అడుగుతాను.

మామకు నా నమస్కారాలు చెప్పండి. గొడుగు పట్టడం ఆయన మంచితనమే. ఇంట్లో పెద్దలందరి దీవెనలూ నాకు కావాలి.

అక్కా, కేంద్రం పెడితే వస్తావా?

బావా, ఇక్కడ చదవడం ఆపి అక్క మొహం చూడు. చూసింది చూసినట్టు రాయి.

మీ
లక్ష్మి