అమ్మాయి కాలికి బలం చాలదట

నాన్నా, నేను డ్యూటీకి వెళ్తున్నా. పదింటికి మెకానిక్ అన్న ఫోన్ చేస్తాడు. ఫోన్ సోఫాలో పడేసి మొక్కల దగ్గరికి వెళ్లిపోకు. మన కారు గేర్‌బాక్స్ దించి చూశాడు. టర్బో బలానికి పాత క్లచ్ అరిగిపోయి జారుతోందట. కొత్తది ఏది వెయ్యాలో ఇవాళే చెప్పాలి.

రెండు రకాలున్నాయి. రేసు కార్లకి వేసేది గట్టిగా పట్టుకుంటుంది గానీ పెడల్ బండరాయే. సిగ్నల్ దగ్గర కదిలినప్పుడల్లా కారు ఎగిరెగిరి పడుతుంది. రెండోదాని పెడల్ మెత్తగా ఉంటుంది, మన టర్బోకి అది చాలట. రెండోదే వెయ్యమను.

కానీ ఒక మాట. "నాకైతే రేసుదే ఇష్టం, పాపం మా అమ్మాయి కాలికి అంత బలం చాలదు" అన్నావట. నిన్న సాయంత్రం షెడ్డుకి వెళ్తే అన్న నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పెడల్ తొక్కడానికి ఎంత బలం కావాలని అడిగితే ఇరవై కిలోలన్నాడు. అందుకే పొద్దున్నే బరువు చూసుకునే మిషన్ గోడకి ఆనించి, ముల్లు ఇరవై దాటేలా ఎడమ కాలితో యాభైసార్లు తొక్కాను. చెమట కూడా పట్టలేదు.

అన్నట్టు, ఆ మిషన్ కోసం బాత్రూమంతా వెతికాను. తీరా చూస్తే నీ గదిలో, అప్పటికే గోడకి ఆనించి ఉంది. పక్కనే నీ మోకాలి నొప్పి మందు, మూత కూడా పెట్టలేదు. పోనీలే, అన్న అడిగితే మా అమ్మాయికి బలం చాలదనే చెప్పు.