ఐదో రౌండుల మూలకు తిప్పిన టేబుల్

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఇయ్యాల కమిటీ మీటింగు. మా రిటైర్డ్ బస్సు ఉద్యోగుల సంఘం రమ్మీ టోర్నమెంటు ఈసారి ఉంటదా, ఉండదా అని. పైసల ఆట కాదు. గెలిస్తే స్టీలు కప్పు, మెడల దండ, గంతే. అయినా పోయినేడు మస్తు లొల్లి అయింది. కప్పు నాకొచ్చింది గదా, అందుకు.

ఎవరెక్కడ కూసోవాలె అని చిట్టీలు తీసింది నేనే. ఐదు రౌండ్లల్ల మూడుసార్లు వేణుగోపాల్ తర్వాతి కుర్చీల పడ్డ. రమ్మీల మన ముందటోడు పడేసిన ముక్కనే మనం లేపుకునేది. వేణుగోపాల్‌ది ధారాళం చెయ్యి, మంచి మంచి ముక్కలు పారేస్తడు. లేపుకున్న, గెలిచిన. చిట్టీలకు గుర్తులు పెట్టినవ్‌రా మల్లిగా, గెలిచింది నువ్వు కాదు నీ కుర్చీ అని వేణుగోపాలే నన్ను నిండు హాల్ల అన్నడు. పదకొండేండ్లు ఒక్క బస్సు మీద నేను డ్రైవర్, ఆయన కండక్టర్. ఆ దినం సంది మాటల్లేవు.

ఇంక ఈ ఆట ఖతం చేద్దామన్నరు ప్రెసిడెంట్ వామన్‌రావు సార్. నేను లేచి, నా బిడ్డ తనూజ లెక్కల టీచరు, ఎవ్వలు నోరు తెరవకుంట కూసోబెడ్తది అన్న. నోట్లెకెల్లి ఎట్ల వచ్చిందో! పేకముక్కలకు గూడ ట్యూషన్ పెట్టిస్తడట అని వేణుగోపాల్ గోడకు చెప్పినట్టు చెప్పిండు. అందరు నవ్విన్రు. సార్ ఒక్క షరతు పెట్టిన్రు. కుర్చీ గురించి ఒక్క కంప్లైంట్ వచ్చినా ఆట అక్కడికక్కడే బంద్, మళ్ల ఎన్నటికీ లేదు.

తనూజకు ఇంకా చెప్పలే.

4 ఫిబ్రవరి

చెప్పిన. తిట్టింది. అన్నం తిన్నంక, మొత్తం ఎంతమంది బాపూ అని అడిగింది.

6 ఫిబ్రవరి, గురువారం

స్కూలు నుంచి రాంగనే తనూజ వాళ్లమ్మ బట్టల క్లిప్పులు పదహారు తీసి, ఒక్కోదానికి పేరు చీటి అంటించి, నేల మీద పరిచింది. తడి బట్టలు బకెట్లనే ఉన్నయని నా భార్య చంద్రమ్మ ఒర్రుతనే ఉన్నది.

పదహారు మంది. నాలుగు టేబుళ్లు. ఐదు రౌండ్లు. ప్రతి ఒక్కలు మిగతా పదిహేను మందితోని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటేసారి కూసోవాలె. గిట్ల అయితదా బిడ్డా అన్న. అయితది బాపూ, రౌండుకు ముగ్గురు కొత్తోళ్లు, ఐదు మూళ్లు పదిహేను అన్నది. ఐదు మూళ్లు పదిహేను నాకూ వచ్చు, ఏడో తరగతి పాసైనోన్ని! దాన్ల గింత కథ ఉన్నదని ఎవ్వలు చెప్పలే.

మెల్లగ అడిగిన, వేణుగోపాల్‌తోని నన్ను కూసోబెట్టకుంట చేయరాదా అని. క్లిప్పు చేతుల పట్టుకొని నా మొకం చూసింది. నీ ఒక్కని కోసం మారిస్తే ఇది చార్టే కాదు బాపూ అన్నది. బంగారం నా బిడ్డ. నాకు సిగ్గయింది.

9 ఫిబ్రవరి, ఆదివారం

బహదూర్‌పురాల మా సంఘం హాల్ల తనూజ చార్టు చూపించింది. నిలబడి, మైకు లేకుంట, టీచరమ్మ తీర్గ! వామన్‌రావు సార్ కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నరు. వేణుగోపాల్ గూడ మూడుసార్లు లెక్కపెట్టుకొని, తప్పు దొరకక చార్టు వాపసిచ్చిండు.

గప్పుడు సుశీలక్క చెయ్యి లేపింది. బుకింగ్ కౌంటర్ల పనిచేసి రిటైరైన మనిషి, మెత్తగ మాట్లాడ్తది. అంత మంచిగున్నది గానీ అమ్మా, తూర్పు మొకం ఎవరికి? అన్నది.

అయిపాయె. తూర్పుకు మొకం పెట్టి కూసుంటె ముక్క పడ్తదని మా దాంట్ల అందరికి నమ్మకం. పోయినేడు తూర్పు కుర్చీలకు కర్చీఫులేసి ఆపుకున్నరు. సర్వీసంత కర్చీఫులేసే ప్యాసింజర్లను తిట్టినోళ్లం, మేమే! టేబులుకు ఒక్కటే తూర్పు కుర్చీ. ఒక్కసారి అందరు ఒర్రుడు షురూ. బార్కస్‌ల ఉండే సాలెం భాయ్ ఒక్కడే, మేరేకు దిశా గిశా నక్కో, పంఖా కిధర్ హై సో బోలో అన్నడు. ఆయనకు దిక్కు వద్దు, ఫ్యాను గాలి కావాలె.

వారం టైమిచ్చిన్రు.

బస్సుల తనూజకు కోపం. ముక్కకు దిక్కు తెలుస్తదా బాపూ అన్నది. ముక్కకు తెల్వదు బిడ్డా, ఓడినోనికి తెలుస్తది అన్న. జల్‌పల్లిల మా స్టాపు వచ్చేదాంక చార్టు ముందటేసుకొని చూసింది. దిగినంక, నువ్వన్నది నిజమే అన్నది.

13 ఫిబ్రవరి

నాలుగు రౌండ్లు కుదిరినయి. ఒక్కొక్కరికి తూర్పు ఒకసారి, పడమర ఒకసారి, ఉత్తరం, దక్షిణం ఒక్కోసారి. ఐదో రౌండు కాడ ఆగింది. అండ్ల నలుగురికి తూర్పు రెండోసారి వస్తది, పన్నెండు మందికి రాదు. ఎట్ల తిప్పినా అంతే. ఓడిపోయిన బాపూ అన్నది. ముప్పై రెండేండ్ల పిల్ల, క్లిప్పుల నడుమ కూసొని ఏడ్చింది. నా నోటి దూల వల్లనే.

15 ఫిబ్రవరి, పొద్దుగాల 11 గంటలకు

హాల్లనే కూసొని గబగబ రాస్తున్న, అక్షరాలు వంకర పోతున్నయి.

సాలెం భాయ్, నేను టేబుళ్లు సర్దనీకె హాలుకు పోయినం. నాలుగు టేబుళ్లు నాలుగు పంఖాల కింద రావాలని ఆయన జిద్దు. ఒక టేబుల్ స్తంభానికి తగిలి కుర్చీ పడ్తలేదు. డిపోల సీదా జాగ లేకుంటే బస్సును ఏటవాలుగ పెట్టేటోళ్లం గదా. గట్లనే టేబులును మూలకు తిప్పిన. కూసొని చూసిన. నా మొకం తూర్పుకు లేదు, ఉత్తరానికి లేదు. నడుమ మూలకున్నది. ఇంకో కుర్చీల కూసున్న. అదీ మూలకే. నాలుగూ మూలకే!

తనూజకు ఫోన్ కొట్టిన. క్లాసుల ఉన్నదట, ఇంటర్వెల్‌కు ఎత్తింది. ఐదో రౌండుకు అన్ని టేబుళ్లు మూలకు తిప్పుదాం, ఎవ్వలకూ తూర్పు ఉండదు అన్న. ఒక్కటే నవ్వు. బాపూ, బాపూ అనుకుంట నవ్వుతనే ఉన్నది. వెనుక పిల్లలు గూడ నవ్వుతున్నరు, ఎందుకో వాళ్లకేం తెలుసు!

16 ఫిబ్రవరి

హాల్ల చార్టు పాసయింది. పదహారు సంతకాలు.

23 ఫిబ్రవరి, ఆదివారం, పొద్దుగాల 7

చంద్రమ్మ నాకు ఇస్త్రీ అంగి తీసింది. గెలువకున్నా సరే గానీ కయ్యం పెట్టుకోకు అన్నది.

మధ్యాహ్నం ఒకటిన్నర

నాలుగు రౌండ్లయినయి. బిర్యానీ తిన్నం. నేను ఆరో నంబరు. ఒక్క కంప్లైంట్ లేదు. ఓడినోళ్లు ఓడిన అంటున్నరు, వాళ్ల నోటితోని వాళ్లే! ఇప్పుడు టేబుళ్లు మూలకు తిప్పుతున్నరు. చార్టుల నా చివరి టేబుల్ చూసిన. వేణుగోపాల్. ఆయన తర్వాతి కుర్చీ నాది.

సాయంత్రం 6

ఎట్ల రాయాలె? వరుసగ రాస్త.

రౌండుల ఆఖరి ఆట. నాకు ఒక్క ముక్క తక్వ, ఇస్పేట్ తొమ్మిది. వేణుగోపాల్ కొంచెం సేపు ఆలోచించి ఇస్పేట్ తొమ్మిదే పడేసిండు.

నా చెయ్యి ఆగింది. వేరే టేబుళ్లు అయిపోయి అందరు మా చుట్టూ నిలబడ్డరు. లేపితే మళ్ల గదే మాట వస్తది. వస్తే ఆట బంద్, నా బిడ్డ చేసిందంత బూడిదల పోసినట్టే. లేపకుంటే ఎవ్వలకు తెల్వదు. కానీ లేపకపోతే నేనే చార్టును మోసం చేసినట్టు గదా. గోడ కాడ తనూజ నిలబడ్డది. కండ్లు మూసుకున్నది.

వేణుగోపాల్ నా మొకం చూసిండు. ఏడాదికి మొదటిసారి. స్టాపు లేని కాడ ఆపినవేందిరా మల్లిగా అన్నడు. కూసోబెట్టింది నీ బిడ్డ, పడేసింది నేను, నడుమ నీకేం నొప్పి అన్నడు. తర్వాత చేత్తోని టేబుల్ మీద రెండు దెబ్బలు కొట్టి, రైట్ రైట్ అని హాలంత వినబడేటట్టు ఒర్రిండు.

పదకొండేండ్లు విన్న కేక. టేబుల్ కింద నా కుడికాలు దానంతట అదే యాక్సిలేటర్ తొక్కింది. ముక్క లేపిన. షో కొట్టిన, ఆ ఆట నాది.

ఐదు రౌండ్ల లెక్క కలిపితే కప్పు సుశీలక్కకు. పోయినేడు ఆఖరు వచ్చిన మనిషి! నేను నాలుగో నంబరు. జిందగీల గింత సంతోషంగ ఎన్నడు ఓడలే. కంప్లైంట్ బుక్కు ఖాళీ, తెల్లగ ఉన్నది. వామన్‌రావు సార్ అందరి ముందట తనూజకు దండం పెట్టిన్రు. వచ్చేడు ముప్పై రెండు మందికి చేస్తవా అమ్మా అని అడిగిన్రు. కప్పుతోని వచ్చిన దండ సుశీలక్క తీసి నా బిడ్డ మెడల వేసింది. ఇంటికి రాంగ బస్సుల, తెల్వని ప్యాసింజర్లకు గూడ చెప్పిన ఇది నా బిడ్డ అని. ఈ బాపు పరువు తీస్తడు అన్నట్టు కిటికీ దిక్కు తిరిగింది గానీ, దండ మాత్రం తీయలే.

24 ఫిబ్రవరి

వేణుగోపాల్ పొద్దుగాల ఏడింటికే వచ్చిండు. ఇప్పుడు రెండయింది. ఇంకా పోలే. రాయనిస్తలేడు.