వేపచెట్టు లేని ప్లాను

కోయిలకుంట్ల,
మే 4, ఆదివారం.

అక్కా,

ఈ పొద్దున తలుపు తీసేసరికి గడప దగ్గర చుట్టచుట్టిన కాగితం ఒకటి పడి ఉంది. నేను గీసిచ్చిన ప్లానే, తిరిగొచ్చింది. ఆ సంగతి చెప్పేముందు మీ సంగతి అడగాలి. నువ్వెలా ఉన్నావు? బావగారి దగ్గు తగ్గిందా? బుజ్జిదానికి పళ్ళొచ్చాయా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, దిగులు పడకు.

ఫోనులో కూడా ఇదే చెప్పి పెట్టేస్తున్నాను. కాగితం మీదైతే ఇంకొంచెం చెప్పబుద్ధవుతుంది. ఇంజనీరుగారి ఆఫీసులో శిక్షణకు వచ్చి ఐదు వారాలయింది. ఇంకా ఇక్కడ నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. "కోస్తా పాప" అంటారు. నేను "అండి" అన్నప్పుడల్లా నవ్వుతారు. ఎగతాళికి కాదులే, ముచ్చటగానే. అయినా గదికొచ్చాక నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. పదకొండు దాటితే ఎండకు వీధిలో మనిషి కనబడడు. మన కాలవగట్టు మీద ఆకుల చప్పుడు ఎప్పుడూ ఉండేది కదా, అది కూడా లేదు. కింద ఇంటావిడ జొన్నరొట్టె, ఎర్రకారం పెడుతుంది. మొదట్లో కళ్ళనీళ్ళు వచ్చేవి. ఇప్పుడది లేకపోతే ముద్ద దిగడం లేదు. విన్న కొత్త మాటలన్నీ నోటుపుస్తకం వెనక రాసుకుంటున్నాను. సాయంత్రాలు నాకు తోడు అవే.

ఇక ప్లాను సంగతి. ఇక్కడ మస్తాన్ సార్ అని ఒక పెద్దాయన ఉన్నారు. బళ్ళో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెరట్లో బొమ్మలు వేసుకోవడానికి ఒక గది కట్టించుకోవాలని ఆయన కోరిక. అది చుట్టూ ఉన్న ప్రకృతిలో కలిసిపోవాలన్నారు. ఇంజనీరుగారు ఆ పని నాకు అప్పగించారు. నా మొదటి పని అక్కా. వారం రోజులు కూర్చుని గీశాను. మూడడుగుల ఎత్తు పునాది, పెంకుల వాలుకప్పు, పడమటివైపు గోడంత కిటికీ, దాని ముందు పచ్చిక, తామర తొట్టి. పెరటి మధ్యలో ఉన్న వేపచెట్టు గదికి అడ్డొస్తుందని ప్లానులోంచి తీసేశాను. మన దగ్గర కొమ్మ గుచ్చితే చాలు, మళ్ళీ చెట్టవుతుంది కదా. అలాగే అనుకున్నాను.

బెంగళూరులో ఉన్న ఆయన కొడుక్కి ప్లాను బాగా నచ్చింది. రేపు సోమవారమే పని మొదలుపెట్టమని మేస్త్రీకి చెప్పేశాడు. చెట్టు పెకలించడానికి జేసీబీ కూడా మాట్లాడేశాడు.

పొద్దున ఆ కాగితం విప్పి చూస్తే, నా గీత ఒక్కటీ చెరగలేదు. సరిగ్గా గది మధ్యలో, పెన్సిలుతో వేపచెట్టు బొమ్మ. ఒక్క మాట కూడా రాయలేదు. వెంటనే మస్తాన్ సార్ ఇంటికి వెళితే, మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు.

మూడింటికి నేను కిటికీ గీసిన చోట స్టూలు వేసి, ఒళ్ళో ఒక తెల్లకాగితం పెట్టి కూర్చోమన్నారు. ఆయనా పక్కనే నిలబడ్డారు. పడమటి ఎండ మొహాన కొట్టింది. ఆ తెల్లకాగితం వైపు చూడలేకపోయాను. కాసేపయ్యాక స్టూలు తీసుకెళ్ళి వేపచెట్టు కింద, ఉత్తరం వైపుకి తిప్పి వేశారు. అదే కాగితం అక్కా, చల్లగా, తేటగా కనబడింది. బోరు ఎండిపోయిన ఏడు కూడా, ఆయన భార్య అంట్లు కడిగిన నీళ్ళు పోసి ఆ చెట్టుని నిలబెట్టారట. ఆవిడ ఇప్పుడు లేరు.

పునాది ఎందుకంత ఎత్తని అడిగారు. వాననీళ్ళు లోపలికి రాకుండా అన్నాను.

"ఈడ వాన చుట్టమమ్మా. వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి పిలుచుకుంటాం. ఎత్తు కట్టి వాకిట్లోనే నిలబెడతామా? అదీగాక, నా మోకాళ్ళు జూడు."

మరి నా ప్లాను ముందే ఎందుకు కొట్టేయలేదని అడిగాను.

"ముప్పై ఏండ్లు డ్రాయింగు చెప్పినా. పిల్లోళ్ళు గీసింది నా చేత్తో ఎన్నడూ తుడపలే. తప్పు యాడ ఉండాదో చూపిస్తా, అంతే. ఎవురు గీసింది వాళ్ళే తుడుపుకోవల్ల."

ఇంజనీరుగారికి ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. మేస్త్రీ వచ్చేలోగా కొత్త ప్లాను చూపిస్తే సంతకం పెడతానన్నారు. లేకపోతే పాతదాని ప్రకారమే పని నడుస్తుందట.

అప్పటినుంచీ గీస్తూనే ఉన్నాను, ఇప్పుడే అయింది. గది చెట్టుకు తూర్పున, వేళ్ళకు తగలనంత దూరంలో. మూడింటికి నీడ దానిమీదే పడుతుంది. కిటికీ ఉత్తరానికి. గోడలకు ఈ ఊరి నాపరాళ్ళే. గడప నేలకు సమంగా. తామర తొట్టి లేదు. వంటింటి నీళ్ళు చెట్టు మొదలుకి పోయేలా చిన్న కాలవ ఉంది. ప్రకృతి అంటే పచ్చదనమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నోటుపుస్తకంలో ఈరోజు ఆ మాట పక్కన "నీడ" అని రాసుకున్నాను.

వచ్చేస్తుంటే మస్తాన్ సార్ నా పేరు అడిగారు. కొత్త ప్లాను మూలన అది రాయమన్నారు. రాశాను.

ఎవరైనా ఇటు వస్తుంటే మామిడితాండ్ర పంపు. అత్తయ్యగారికి, మావయ్యగారికి నా నమస్కారాలు. బుజ్జిదానికి ముద్దులు. ఈసారి నా గీత నిలవాలని దీవించు.

రేపు పొద్దున ఐదున్నరకే బయల్దేరతాను. ఇంజనీరుగారింట్లో సంతకం పెట్టించుకుని, జేసీబీ కంటే ముందు పెరట్లో ఉండాలి. ముగ్గుపిండి డబ్బా సంచిలో పెట్టుకున్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని నేర్పిన ముగ్గే అక్కా. ముందు చెట్టు చుట్టూ గీత వేసి, ఆ తర్వాత గది గీస్తాను.

నీ చెల్లెలు
వాణి