అత్తయ్య కణాలు

జూన్ 3
ఇవాళ ల్యాబ్‌కి ఒకటే ట్యూబ్ వచ్చింది. మీద పేరుండదు, కోడ్ మాత్రమే. అయినా పొద్దున అత్తయ్య చేతి నుంచి రక్తం తీస్తుంటే పక్కన నిలబడింది నేనే కదా. బాస్‌కి చెప్పాను. చేసేవాళ్లు ఇంకెవరూ లేరు, నువ్వే చూడు అన్నాడు.

చూడ్డానికి చిన్న పరీక్షే. ఆవిడ రక్తంలోని రోగనిరోధక కణాలను క్యాన్సర్ కణాల పక్కన వదలాలి. అవి వెళ్లి గట్టిగా పట్టుకుంటే, వాటినే పెంచి ఆవిడకు ఎక్కిస్తారు. పట్టుకోకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంకో వైద్యం లేదు.

జూన్ 4
పట్టుకోలేదు.

జూన్ 4, సాయంత్రం
రోజంతా మైక్రోస్కోప్ ముందే. వెళ్తాయి, తగులుతాయి, జారిపోతాయి. చుట్టపుచూపుగా వచ్చి గుమ్మంలోంచే వెళ్లిపోయినట్టు. ఒళ్లు మండింది. పెళ్లయిన కొత్తలో నేను నోరు జారి అన్న మాటను ఇప్పటికీ పట్టుకుని సాధించే మనిషి కణాలేనా ఇవి?

రిపోర్ట్ పంపేశాను. ఇంటికొచ్చి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూన్ 6
డాక్టరమ్మ చెప్పేసిందట. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆస్పత్రి గదిలో అత్తయ్య బట్టలు మడతపెట్టుకుంటోంది. నీ తప్పేముందే, నా కణాలు కదా, మొండికేసి ఉంటాయి అంది. ఆవిడ నన్ను ఓదార్చడం ఇదే మొదలు. తట్టుకోలేకపోయాను.

జూన్ 7, పొద్దున
పళ్లు తోముకుంటుంటే తట్టింది. నేను కడగలేదు.

ట్యూబులో కణాలు ముద్దకట్టకుండా బఫర్ అనే ఒక ద్రావణం కలుపుతాం. అది మెగ్నీషియం, కాల్షియం లాగేస్తుంది. అవి లేకపోతే ఏ కణమూ పట్టు బిగించలేదు. అందుకే పరీక్షకు ముందు కణాలను కడుగుతాం. కడిగితే కొన్ని పోతాయి. అత్తయ్యవి ఒక్కటి కూడా పోకూడదని ఆ పని మానేశాను. నాకు బుద్ధుందా?

జూన్ 7, సాయంత్రం
బాస్ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టి, మళ్లీ అవసరమైతే అని ఫ్రిజ్‌లో దాచి ఉంచిన సగం కణాలు తీసి తనే కడిగాడు. నన్ను మైక్రోస్కోప్ ముట్టుకోనివ్వలేదు. వెనక నిలబడి తెర మీద చూశాను. ఒకటి వెళ్లింది, తగిలింది, బల్లపరుపుగా అతుక్కుపోయింది. మరి కదల్లేదు. దాని పక్కన ఇంకొకటి.

రిపోర్ట్ తప్పని బాస్ డాక్టరమ్మకు ఫోన్ చేస్తుండగానే ఆస్పత్రికి పరిగెత్తాను. అత్తయ్య సంచితో లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంది. ఏడుస్తూ అంతా చెప్పాను.

"నావి పోతాయని కడగలేదా?"

"అవునత్తయ్యా."

"పిచ్చిమొహమా," అని సంచి నా చేతికిచ్చి గదివైపు నడిచింది.

జూలై 19
నిన్న ఎక్కించారు. జ్వరం వస్తే కణాలు పని మొదలుపెట్టినట్టేనని డాక్టరమ్మ చెప్పింది. ఇవాళ అత్తయ్య ఒళ్లు కాలిపోతోంది. మా ఆయన థర్మామీటర్ పట్టుకెళ్లి నర్సులందరికీ చూపించి వచ్చారు.