శాలోమి కాలి కింద బ్రేకు

చోడవరం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి ఎరిక్‌ని అమ్మ దీవించి రాస్తున్నది. దేవుని దయవల్ల నాన్నగారూ నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. సరిహద్దులో ఆ మంచుకొండల్లో నిన్ను చల్లగా కాపాడమని రోజూ ప్రార్థిస్తున్నాం.

నాన్నగారి మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది, మేడ మెట్లు ఎక్కుతున్నారు. చెరకు నరుకుతున్నారు కదా, రోడ్డంతా ట్రాక్టర్లే.

నీ భార్య శాలోమి ఉత్తరాలు ఎందుకంత పొట్టిగా ఉంటున్నాయని కూడా అడిగావు. పని ఎక్కువని రాశాను. మళ్ళీ ఆ కాగితం చింపేశాను.

మన కారు సన్యాసమ్మకు తగిలింది బాబూ. మన వీధిలో కూరలమ్మే సన్యాసమ్మే. శాలోమి నడుపుతోంది, నేను పక్కన కూర్చున్నాను. చీడికాడ చర్చిలో స్త్రీల కూడిక చూసుకుని వస్తున్నాం. ఊళ్ళోకొచ్చాక, పల్లంలో చెరకు ట్రాక్టరు వెనక కారు ఆపింది. సన్యాసమ్మ మధ్యలోంచి దాటుతుండగా కారు మెల్లగా ముందుకు జారింది. “అత్తయ్యా, తొక్కుతుంటే బ్రేకు కిందకి పోతంది” అంది శాలోమి. హ్యాండ్ బ్రేకు లాగేసరికే సన్యాసమ్మ కాలు ట్రాలీకీ కారుకీ మధ్య నలిగింది. ఎముక విరిగింది. కట్టు వేశారు, మళ్ళీ నడుస్తుందని డాక్టరు చెప్పారు.

నాన్నగారు వచ్చి బ్రేకు టపటపా తొక్కి చూశారు. గట్టిగానే ఉంది.

“కంగారులో ఆక్సిలేటరు తొక్కేసుంటావమ్మా” అని, నావైపు తిరిగారు. “నువ్వు పక్కనే ఉన్నావు గదా, ఏటి సూసేవు?”

“నేను రోడ్డు సూస్తన్నాను” అన్నాను.

ఆ ఆడగుంటకి కారెందుకిచ్చారని వీధిలో అందరూ అన్నారు. శాలోమి మాత్రం, కారు షెడ్డులో చూపిద్దామంది.

షెడ్డులో మెకానిక్ బంగార్రాజు కూడా అలాగే తొక్కి, బాగానే ఉందన్నాడు. “గబగబా తొక్కొద్దన్నా. ఇంజను ఆన్ సేసి, మెల్లిగా నొక్కి అలాగే పట్టుకో” అంది శాలోమి. అతను పట్టుకున్నాడు. పెడల్ కొంచెం కొంచెంగా దిగి నేలకు ఆనింది. బయట ఎక్కడా కారడం లేదు, డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గలేదు.

“మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు అరిగిపోయేయండి. ఆయిల్ లోపల్లోపలే వెనక్కొచ్చేస్తంది. గబగబా తొక్కితే మాత్రం గట్టిగా ఉన్నట్టే ఉంటది” అన్నాడతను.

నాన్నగారు అందరి ముందే, “తప్పయిపోయింది తల్లీ” అన్నారు. నేను చూసింది అప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు నేను రోడ్డు చూడలేదు ఎరిక్. శాలోమి కాలే చూశాను. అది బ్రేకు మీదే ఉంది, నేల దాకా దిగింది. ముందు రోజే “బ్రేకు తేడాగా ఉందత్తయ్యా, షెడ్డుకి పంపుదాం” అని ఆమె అంటే, “కూడికకి పోయొచ్చేక సూద్దాంలే” అన్నది నేను. బ్రేకుదే తప్పంటే ఆ తప్పు నా మీదికొస్తుందని, ఆ పిల్ల మీదికి తోసేశాను.

షెడ్డు నుంచి వచ్చాక శాలోమి కె.కోటపాడులో పుట్టింటికి వెళ్ళిపోయింది, ఇంకా అక్కడే ఉంది. నిన్న వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే వింది.

“తెల్సత్తయ్యా. నా కాలే సూస్తా, భయానికి మీరూ కాలు నేలకేసి నొక్కేరు, నేను సూసేను. మీరే సెప్తారని ఇన్నాళ్ళూ ఎదురుసూసేను.”

కాఫీ పెట్టి ఇచ్చింది. ఇంటికొస్తానని మాత్రం అనలేదు. నేనూ రమ్మని అడగలేదు.

తిరిగొచ్చి సన్యాసమ్మకీ, నాన్నగారికీ చెప్పాను. సన్యాసమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. నాన్నగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు.

నువ్వు శాలోమిని రమ్మని రాయకు. అమ్మ పెద్దదైపోయింది, సర్దుకో అని అసలే రాయకు. రావాలో వద్దో ఆమెనే తేల్చుకోనీ.

ఇట్లు,
ఈసారి ఫోను కలిస్తే నీ గొంతు వినడానికి భయపడుతున్న
మీ అమ్మ,
స్వర్ణకుమారి