రెండు దెబ్బల చప్పుడు

మద్రాసు,
21 సెప్టెంబరు 1958.

గిద్దలూరు రైల్వే గ్యాంగు లైన్లలో ఉన్న మా వదినె మార్తమ్మకు, మరిది ఏసురత్నం ప్రభువు నామంలో వందనాలు చేసి రాయించునది. నేను క్షేమం. నువ్వు క్షేమమా అని అడగడానికి నోరు రావడం లేదు. రైలు తలుపు సందులో బొటనవేలు నలిగింది, అందుకే స్టేషను ముందు జాబులు రాసే తెలుగు పంతులు చేత రాయిస్తున్నాను.

అన్న పోయిన సంగతి నాకు కాశీ స్టేషనులో తెలిసింది. మన బట్టల కొట్టు గోవిందయ్య తీర్థయాత్రకు వచ్చి, నన్ను చూసి, ఏందిరా ఏసురత్నం, అన్న పోతే మట్టి వేయడానికన్నా రాకపోతివే అని కేకలేసినాడు. వానలో తెల్లవారుజామున సుత్తితో పట్టాలు తట్టి చూసుకుంటూ పోయి, దిగువమెట్ట అవతల సొరంగంలో గూడ్సు కింద పడినాడంట. ముఖం ఆనవాలు లేక, చేతికున్న ఇత్తడి బిళ్ల నంబరు చూసి దేవరాజే అని తేల్చినారంట. శవపెట్టె మూత నిన్ను తీయనియ్యలేదంట. చెప్పి చెప్పి ఆయనే కళ్లు తుడుచుకుని నా చేతిలో గంగ చెంబు పెట్టినాడు. మనం ఏసు బిడ్డలమని ఆయనకూ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు.

నేను తిరుగుతున్న ఈ రైల్వే పాసు అన్న పేరు మీదిదని నీకు తెలుసు. భరతఖండమంతా రైల్లో ఒక చుట్టు చుట్టి రావాలని పెళ్లికి ముందు నుంచీ ఆయనకు పిచ్చి. తీరా పాసు చేతికొచ్చేసరికి వానాకాలం, సెలవు దొరకలేదు. మురిగిపోతుందని, ఇద్దరి ముఖాలూ ఒకటే కదా అని, నన్ను పొమ్మన్నాడు. బొంబాయి, ఢిల్లీ, కాశీ, హౌరా అన్నీ చూసినాను. టికెట్ కలెక్టరు పేరు అడిగితే దేవరాజు అని తడబడకుండా చెప్తున్నాను. అదే నాకు భయం.

ఇంకొకటి. బొంబాయి దారిలోనే మొదలైంది. బండి కదిలితే చాలు, నా సీటు కింద, చక్రాల నడుమ, ఎవరో సుత్తితో పట్టా తడుతూ నడిచి వస్తున్నారు. బండి ఎంత వేగం పోయినా ఆ నడక వెనకబడదు. బండి ఆగితే ఆగుతుంది. పక్కవాళ్లు ఏమీ వినపడలేదంటారు, కానీ జనం కిటకిటలాడుతున్నా నా పక్క చోటులో ఎవరూ కూర్చోరు. గోదావరి వంతెన మీద ఒక ముసలమ్మ నన్ను కసిరింది. తడిసిన మనిషిని అట్ల నిలబెట్టినావేంది నాయనా, కూర్చోమనరాదా అన్నది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కింద చెక్క మాత్రం తడిగా ఉంది.

అన్నే వెంట వస్తున్నాడనుకుందామంటే, అన్న మూడు దెబ్బలు కొట్టి అడుగేసేవాడు. ఇవి రెండే. రెండు కొట్టేది నేను. ఆయనకు జ్వరమొచ్చినప్పుడు బదులు పోతే, ఆ చప్పుడు విని మేస్త్రీ లింగయ్య పట్టేసి నవ్వేవాడు కదా.

జ్ఞానమ్మ రోజూ బండి వేళకు స్టేషనుకొచ్చి నా కోసం చూస్తోందని గోవిందయ్య చెప్పినాడు. ఎండలో నిలబడొద్దని నా భార్యకు చెప్పు.

ఇట్లు,
నీ మరిది
ఏసురత్నం

తా.క. పంతులును పంపించేసినాను. నా వేలికి ఏ దెబ్బా లేదు. ఈ చేతిరాత ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు, మార్తా.

బయలుదేరే పొద్దు దిగువమెట్ట గ్యాంగు గుడిసెలో పాసు తమ్ముడి చేతికిస్తే, వాడు తిరిగి నా జేబులోనే పెట్టినాడు. ఈ పిచ్చి నీది, నువ్వే పో అన్నా, నీ వంతు నేను నడుస్తా అని నా బిళ్ల విప్పి తన చేతికి కట్టుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా బండెక్కినాను. సొరంగం ముందు వానలో నిలబడి వాడు నాకు దీపం ఎత్తి చూపినాడు. అదే కడసారి. కాశీలో గోవిందయ్య నన్ను వాడనుకుంటే కాదనలేకపోయినాను. కాదంటే ఆ పెట్టెలో ఉన్నదెవరో నా నోటితో చెప్పాలి. ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు.

గురువారంతో పాసు గడువు తీరుతుంది. ఆ రోజు బండికి దిగుతాను. అంతలోపు పెట్టెలో ఉన్నదెవరో జ్ఞానమ్మకు నువ్వే చెప్పు. నన్ను ఏమన్నా పడతాను. బండి ఆగినాక కూడా రెండు దెబ్బలు వినపడితే ఆమెను వెనక్కి లాగొద్దు. వాడు ఇంత దూరం నడిచింది నా కోసం కాదు.